పుర్రెలూ కొమ్ములూ చెప్పే సంగతులు

పిల్లలూ! కరీంనగర్ నుంచి పెద్దపల్లి, రామగుండం మీదుగా ఉత్తరంగా పోతే గోదావరి అడ్డం వస్తుంది. గోదావరి దాటగానే మంచిర్యాల. అక్కడినుంచి పడమటికి తిరిగితే జన్నారం, ఉట్నూరు అడవులు. తిరగకుండా రైలుదారి వెంట ఉత్తరానికే పోతే బెల్లంపల్లి, ఆసిఫాబాద్. పూర్వం ఈ ప్రాంతమంతా రెండే జిల్లాలు. గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్. 2016 అక్టోబరులో ఇవి చీలి చాలా చిన్న జిల్లాలైనాయి. అయినా పెద్దవాళ్ల నోట ఇప్పటికీ పాతపేర్లే వినబడతాయి.

ఈ దారిన పోయేవాళ్లు ఎలగందుల కోట చూస్తారు, కాళేశ్వరం గుడి చూస్తారు, బొగ్గుగనులు చూస్తారు. నేను మీకు చూపబోయేవి అవి కావు. పుర్రెలు, కొమ్ములు! భయపడకండి. దయ్యాల కథ చెప్పడంలేదు. చచ్చిపోయిన జంతువు మట్టిలో కలిసిపోతుంది గదా. కాని దాని ఎముకా, కొమ్మూ, పన్నూ అంత త్వరగా కలిసిపోవు. అవి మనకోసం దాచిపెట్టిన ఉత్తరాలవంటివి. ఎండకు ఎండి, వానకు తడిసి, మట్టి పట్టి, అక్షరాలు చెరిగిపోయిన ఉత్తరాలు. వాటిని పాడుచెయ్యకుండా శుభ్రంచేసి చదవడం ఒక విద్య. ఆ విద్య ఏమిటో, మన ప్రాంతంలో అది ఎక్కడెక్కడ కనబడుతుందో చూద్దాం.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. ఇంట్లో కోడికూర వండిననాడు ఒక కాలి ఎముక అడిగి తీసుకుని, శుభ్రంగా కడిగి, గాజుసీసాలో వేసి, మునిగేటట్టు వెనిగర్ పొయ్యండి. రెండురోజులకొకసారి వెనిగర్ మార్చండి. వారం, పదిరోజులయ్యాక తీసి చూస్తే ఆ ఎముక రబ్బరులాగా వంగుతుంది! ఎందుకని? ఎముకలో రెండు పదార్థాలున్నాయి. ఒకటి సున్నపు జాతి ఖనిజం. దానివల్ల ఎముకకు గట్టిదనం వచ్చింది. రెండవది నారవంటి మాంసకృత్తు. దానివల్ల విరగకుండా సాగే గుణం వచ్చింది. వెనిగర్‌లోని ఆమ్లం ఖనిజాన్ని కరిగించింది, నార మిగిలింది. అదే ఎముకను నిప్పులో కాలిస్తే దీనికి తలకిందులు: నార కాలిపోయి ఖనిజం మిగులుతుంది. అప్పుడది ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది.

ఈ రెండు సంగతులూ జ్ఞాపకం పెట్టుకుంటే, చెరువు గట్టున పడి ఉన్న ఎద్దుపుర్రె ఎందుకలా పొరలుపొరలుగా లేచిపోయిందో మీకే తెలుస్తుంది. ఎండ, వాన, మళ్లీ ఎండ – ఇలా ఏండ్ల తరబడి జరిగితే ఎముకలోని నార క్షీణిస్తుంది. ముందు పొడుగునా సన్నని బీటలు పడతాయి. తరవాత పై పొర పెచ్చులుగా రాలుతుంది. చివరకు పుల్లలుపుల్లలుగా విచ్చిపోతుంది. నీడలో ఉన్న భాగం గట్టిగా ఉండి, ఎండకు ఉన్న భాగం పెళుసుగా ఉండడం కూడా చూడవచ్చు. అంటే పుర్రె ఏ పక్కకు పడి ఉన్నదో పుర్రే చెప్పుతుందన్నమాట.

కొమ్ము సంగతి వేరు. మన ఎద్దు, బర్రె, మేకల కొమ్ములు రెండు భాగాలు. లోపల పుర్రెనుంచి మొలిచిన ఎముక. దానిమీద తొడుగులాగా మన గోళ్లజాతి పదార్థం. వెంట్రుక, గోరు, కొమ్ము, గిట్ట – ఇవన్నీ ఒకే కుటుంబం. కొమ్ముముక్క కాలిస్తే వెంట్రుక కాలిన వాసనే వస్తుంది. ఈ తొడుగు పుట్టిననాటినుంచి పెరుగుతూనే ఉంటుంది, ఏటేటా రాలిపోదు. ఒకసారి విరిగితే ఆ విరిగిన గుర్తు చివరిదాకా ఉంటుంది.

దుప్పి తలమీద ఉన్నదాన్నికూడా మనం కొమ్ము అనే అంటాం. కాని అది గోళ్లజాతిది కాదు, అచ్చంగా ఎముక. కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటుంది. మొలిచేటప్పుడు దానిమీద మెత్తని నూగుచర్మం ఉంటుంది, అందులో రక్తనాళాలుంటాయి. ఎదిగిన తరవాత చర్మం ఎండి, చెట్లకు రాసుకుంటే ఊడిపోతుంది. కొంతకాలానికి కొమ్ము కూడా మొదలంటా రాలిపోతుంది. మళ్లీ కొత్తది మొలుస్తుంది. ఇంత పెద్ద ఎముకను ఏటేటా పారేసి మళ్లీ కట్టుకోవడం ఆశ్చర్యం కాదూ? మగ దుప్పికే ఈ కొమ్ములుంటాయి.

ఇక జంతువు చనిపోయాక పుర్రెను మొదట శుభ్రంచేసేది ఎవరు? మనుషులు కాదు. రాబందులు! అవి గుంపుగా వాలితే కొద్ది గంటలలోనే కళేబరం ఎముకలగూడు అయిపోతుంది. మిగిలిన తునకలను చీమలూ, ఒకజాతి చిన్న పెంకుపురుగులూ తింటాయి. కొన్ని దేశాల మ్యూజియములలో ఈ పెంకుపురుగులను పెట్టెలలో పెంచి, సున్నితమైన పుర్రెలను వాటిచేతనే శుభ్రం చేయిస్తారు. కత్తికి అందని సందులలోకి అవి దూరిపోతాయి. ఎముకకు గీత పడనివ్వవు.

మన ఊళ్లలో మాత్రం రాబందులు కనబడక చాలాకాలమైంది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ అనే మందు వాటిని చంపింది. ఆ మందు ఇచ్చిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. ఈ సంగతి తెలిశాక 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. 2013లో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని ఉండడం అటవీశాఖవారు కనుగొన్నారు. మన ప్రాంతానికి అది పెద్ద వార్త. ఊరిబయట కళేబరాలు కుళ్లి, వీధికుక్కలు గుంపులు కట్టడం చూసినప్పుడు, ఆ పక్షులు ఎంత పని చేస్తుండేవో తెలుస్తుంది.

నేను ఉపాధ్యాయుడుగా పనిచేసినన్నాళ్లూ బడిలో ఒక గాజుబీరువా ఉంచేవాణ్ణి. పిల్లలు తెచ్చిన గింజలు, రాళ్లు, పాముకుబుసాలు, పక్షిగూళ్లు అందులో ఉండేవి. ఏటా ఎవరో ఒకరు పుర్రె తెచ్చేవారు. అందుకని కొన్ని నియమాలు పెట్టుకున్నాము. మీకూ అవే చెపుతాను.

మొదటి నియమం: ఏ జంతువు, ఎలా చనిపోయింది అన్నది తెలియకుండా ముట్టుకోకూడదు. దొమ్మరోగం అనే భయంకరమైన జబ్బు ఉంది. ఆంత్రాక్స్ అంటారు. పశువులకూ గొర్రెలకూ వస్తుంది, మనుషులకూ అంటుతుంది. ఆ రోగంతో చచ్చిన పశువు ఎముకలలో, తోలులో, మట్టిలో రోగబీజాలు ఏండ్లతరబడి నిద్రపోయి ఉండగలవు. కడిగినంతమాత్రాన చావవు. అందుచేత ఉన్నట్టుండి చచ్చిపడిన పశువు దగ్గరికి పోనేకూడదు. పశువుల డాక్టరుగారికి కబురు చెప్పాలి. బడికి కావలసిన పుర్రె, కొమ్ము కావాలంటే ఊళ్లో మాంసం అమ్మే ఆయనను అడిగితే ఆరోగ్యమైన మేకదో, గొర్రెదో ఇస్తాడు.

రెండవ నియమం: పని అంతా ఆరుబయట, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్దవాళ్లు పక్కనుండగా చెయ్యాలి. ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మూడవది: ఉడకబెట్టకూడదు! అందరూ మొదట చేసే పని ఇదే. మరిగే నీళ్లలో వేస్తే మాంసం ఊడుతుంది నిజమే. కాని కొవ్వు ఎముకలోపలికి ఇంకిపోతుంది. కొన్నాళ్లకు పుర్రె పసుపురంగు తిరిగి జిడ్డుగా, కమురువాసనగా తయారవుతుంది. పళ్లు చిట్లుతాయి. ముక్కులోపలి ఎముకలు కాగితంకన్న పలచన, అవి విరిగిపోతాయి.

మరి ఎలా చెయ్యాలి? నీళ్లు, ఓపిక – ఈ రెండే మందులు. మూత ఉన్న బకెట్టులో నీళ్లు పోసి పుర్రెను నానబెట్టాలి. నీటిలో పుట్టే కంటికి కనబడని జీవులు మాంసాన్ని తినివేస్తాయి. కొద్దిరోజులకొకసారి సగం నీళ్లు మార్చాలి. వాసన వస్తుంది కనుక బకెట్టు ఇంటికి దూరంగా ఉండాలి. నీళ్లు ఒంపేటప్పుడు జల్లెడ అడ్డం పెట్టాలి. లేకపోతే ఊడిన పళ్లు నీళ్లతోపాటు మురుగుకాలవలో పడతాయి. కొన్నాళ్లకు కొమ్ముల తొడుగులు మెల్లిగా తిప్పితే ఊడివస్తాయి. ఏది కుడిది, ఏది ఎడమది అని వెంటనే చీటీ కట్టాలి. ఊడిన తొడుగులను మళ్లీ ఆ నీళ్లలో వెయ్యకూడదు. గోరు నానితే ఎలా మెత్తబడుతుందో మీకు తెలుసు.

తరవాత జిడ్డు తియ్యాలి. గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉంచి, నీళ్లు తేటగా నిలిచేదాకా మారుస్తూ పోవాలి. దీనికి వారాలు పడుతుంది. జిడ్డు పూర్తిగా పోయాక, తెల్లగా చెయ్యాలనుకుంటే మందులషాపులో దొరికే నూటికి మూడుపాళ్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. ఈ పని మాస్టరుగారే చెయ్యాలి. బట్టలు తెల్లబరిచే క్లోరిన్ పొడి మాత్రం వాడకూడదు. అది ఎముకలోపల పని మానకుండా తింటూనే పోతుంది. ఈనాడు మల్లెపువ్వులా ఉన్న పుర్రె రాబోయే ఏండ్లలో సున్నపుపొడి అవుతుంది. పెరాక్సైడు ఎముకకే, కొమ్ము తొడుగుకు తగలనివ్వకూడదు, రంగు పోతుంది. చివరకు నీడన ఆరబెట్టాలి.

ఇక ఎండావానలకు చెడిపోయిన పాత పుర్రె సంగతి. దాన్ని నానబెట్టితే విచ్చిపోతుంది. పొడి బ్రష్షుతో మట్టి రాల్చాలి. పొరలు లేచినచోట పలచటి బంక చుక్కచుక్కగా వేసి పీల్చుకోనివ్వాలి. మ్యూజియములలో దీనికి ఒక జాతి ప్లాస్టిక్ బంకను అసిటోనులో కరిగించి వాడతారు. దాని గొప్ప ఏమిటంటే, రేపు ఎవరైనా తియ్యాలనుకుంటే అదే అసిటోను పోస్తే కరిగి వచ్చేస్తుంది. ఇంతకంటె మంచి పద్ధతి ముందు ముందు ఎవరైనా కనిపెట్టవచ్చు గదా! వాళ్ల దారికి మనం అడ్డుపడకూడదు. బాగుచేసేవాడు చేసిన పని విప్పడానికి వీలుగా ఉండాలి – ఇది ఆ విద్యలో పెద్ద సూత్రం.

కొమ్ముకు ఎండ పనికిరాదు, పగుళ్లు వస్తాయి. సబ్బునీటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, చివరకు చుక్క నూనె రాస్తే దాని రంగు తేలుతుంది. దానికి ఇంకొక శత్రువున్నది. ఉన్నిబట్టలను కొరికే పురుగులజాతివే కొన్ని కొమ్మునుకూడా తింటాయి. బీరువాలో కొమ్ముకింద సన్నని పొడి కనబడితే పురుగు పట్టిందని గుర్తు. నెలకొకసారి తీసి చూడడంకంటే మంచి మందు లేదు.

ఇంతవరకు చెప్పింది ఇంటిపశువులను గురించి. ఇప్పుడు గోదావరి దాటి అడవిలోకి పోదాం.

జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల అడవిని 1965లో అభయారణ్యంగా ప్రకటించారు, 2012లో పులుల రక్షణకేంద్రం చేశారు. పెద్ద పెద్ద టేకుచెట్లు, వెదురుపొదలు. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, అడవిదున్నలు ఇక్కడ ఉన్నాయి. నాలుగు కొమ్ముల చౌసింగా కూడా ఉంది. నాలుగు కొమ్ములున్న అడవిజంతువు ప్రపంచంలో మరొకటి లేదు. ఇటువంటి అడవిలో నడుస్తూ ఉంటే ఆకులమధ్య రాలిపడిన దుప్పికొమ్ము కనబడితే ఏ పిల్లవాడికి తీసుకుపోవాలని ఉండదు?

తీసుకోకూడదు. 1972 వన్యప్రాణి రక్షణచట్టం ప్రకారం అడవిజంతువు కొమ్ముగాని, పుర్రెగాని, పన్నుగాని, గోరుగాని మన దగ్గర ఉంచుకోవడం నేరం. ఎలాగో చేతికి వస్తే 48 గంటలలోగా అటవీ అధికారికో, పోలీసు స్టేషనులోనో చెప్పాలి. "రాలిపోయిందే కదా, ఎవరికి నష్టం?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి రెండు జవాబులున్నాయి. రాలిన కొమ్ములకు వెల కట్టడం మొదలుపెడితే, రాలేదాకా ఆగని మనుషులు బయలుదేరతారు. రాలిన కొమ్ముకూ, చంపి తీసిన కొమ్ముకూ సంతలో తేడా ఎవరు చూస్తారు? ఇక రెండవ జవాబు: ఆ కొమ్ము వృథాగా పడి లేదు. ముళ్లపందులు రాత్రిళ్లు వచ్చి దాన్ని కొరుక్కు తింటాయి. వాటి ఒంటికి కావలసిన సున్నం అందులో దొరుకుతుంది. పళ్లగాట్లు పడిన కొమ్ము కనబడితే, చూసి, ఫోటో తీసుకుని, అక్కడే వదలి రండి.

పాత గడీలలో, బంగళాలలో గోడలకు తగిలించిన జంతువుల తలలు మీరు చూసి ఉండవచ్చు. ఒకనాడు వేటాడినవాళ్లు వాటిని గొప్పగా పెట్టుకున్నారు. ఇప్పుడు అటువంటివి ఉంచుకోవాలంటే ప్రభుత్వం ఇచ్చిన పత్రం ఉండాలి. వాటిని చూసినప్పుడు వేటగాడి గొప్ప కాదు, ఆ జంతువు ఏ అడవిలో తిరిగేదో, ఆ అడవి ఇప్పుడు ఉన్నదో లేదో అడగండి.

జన్నారం నుంచి ఉట్నూరు వైపు పోయి, జైనూరు మండలంలోని మార్లవాయి చేరుకుందాం. ఇది గోండుల ఊరు. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు, ఆయన భార్య ఎలిజబెత్ ఈ ఊళ్లో ఉండి గోండుల జీవితాన్ని గురించి పుస్తకాలు రాశారు. గోండు పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పడానికి ఉపాధ్యాయులను తయారుచేసిన శిక్షణకేంద్రం కూడా ఇక్కడ వెలిసింది.

దీపావళి రోజులలో వచ్చే దండారి పండుగకు గుస్సాడీలు ఊరూరూ తిరిగి నృత్యం చేస్తారు. వాళ్ల తలమీది కిరీటం చూడాలి! వందలకొద్దీ నెమలి ఈకలు గుండ్రంగా పేర్చి, వాటిమధ్య కొమ్ములు అమర్చి ఉంటారు. గోండులు దీన్ని మల్‌బూర అంటారు. నెమలికూడా దుప్పిలాగానే, ఏటేటా పింఛం రాల్చుకుంటుంది. మార్లవాయికి చెందిన కనకరాజుగారు ఈ నృత్యాన్ని ఎందరికో నేర్పారు. ఆయనకు 2021లో పద్మశ్రీ బిరుదు ఇచ్చారు. 2024 అక్టోబరులో ఆయన కాలంచేశారు.

మ్యూజియం వస్తువుకూ, మల్‌బూరకూ ఒక తేడా ఉంది. మ్యూజియములో వస్తువు ముట్టుకోకుండా ఉంటే బాగుంటుంది. మల్‌బూర అలా కాదు. అది పూజాద్రవ్యం, పండుగ రాగానే బయటికి రావాలి, ఆడాలి. ఊడిన ఈక బదులు కొత్త ఈక, తెగిన దారం బదులు కొత్త దారం. అలా బాగుచేసినదాన్ని ఎవరూ "అసలుది కాదు" అనరు. బాగుచేసుకుంటూ పోవడమే దాని బ్రతుకు. బీరువాలోని పుర్రెను ఉన్నది ఉన్నట్టు నిలపాలి. మల్‌బూరను ప్రతి ఏడూ కొత్తగా నిలబెట్టాలి. రెండూ బాగుచెయ్యడమే. ఏ వస్తువు దేనికోసమో తెలుసుకున్నాకనే చేతిలోకి సూదీదారం తీసుకోవాలి.

ఇప్పుడు మళ్లీ రైలుదారికి వద్దాం. బెల్లంపల్లికీ ఆసిఫాబాద్‌కూ నడుమ మలేరి అనే చిన్న ఊరున్నది. ఆ ఊరి పేరు ప్రపంచంలో శిలాజాలు చదివే ప్రతి శాస్త్రజ్ఞుడికీ తెలుసు! అక్కడి ఎర్రమట్టి రాళ్లను మలేరి పొరలు అంటారు. అవి సుమారు 22 కోట్ల ఏండ్లనాటివి. అప్పటికి రాబందు లేదు, దుప్పి లేదు, మనిషి సంగతి చెప్పనే అక్కరలేదు. నదులు, మడుగులు, వాటిలో చేపలు, ఒడ్డున వింత సరీసృపాలు. అవి చచ్చి బురదలో కూరుకుపోతే, నేలలోని నీరు వాటి ఎముకల సందులలో ఖనిజాన్ని నింపింది. ఎముక రాయి అయింది.

నాగపూరులో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ అనే మతాచార్యుడికి రాళ్లంటే చాలా ఆసక్తి. 19వ శతాబ్దంలో ఈ ప్రాంతపు శిలాజాలను లోకానికి పరిచయం చేసినవారిలో ఆయన ఒకడు. ఆయన పేరుమీదనే ఒక జంతువుకు పారాసూకస్ హిస్లాపి అని పేరుపెట్టారు. తరవాత 1957లో ప్రొఫెసరు మహలనోబిస్ ఆహ్వానంమీద పమేలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలు లండను నుంచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ఆమె, ఆమె శిష్యులూ గోదావరి, ప్రాణహిత లోయలలో నడిచి నడిచి ఎన్నో ఎముకలు వెలికితీశారు.

రాయి అయిన పుర్రెను ఎలా తీస్తారనుకున్నారు? గడ్డపారతో కాదు. చుట్టూ మట్టి కొంచెం కొంచెంగా తీసి, పైకి తేలిన భాగంమీద తడికాగితం పరిచి, గోనెపట్టాలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి చుడతారు. కాలు విరిగినవాడికి డాక్టరు కట్టే కట్టువంటిదే! అది గట్టిపడ్డాక కిందినుంచి కోసి, తిరగవేసి, రెండవపక్క కూడా చుట్టి లారీ ఎక్కిస్తారు. ప్రయోగశాలలో సూదులతో, చిన్న ఉలులతో, బ్రష్షులతో రాతిని గింజగింజగా తీస్తారు. సున్నపురాయి అంటుకుని ఉంటే పలచని ఆమ్లంతో కరిగిస్తారు. ఒక్క పుర్రెకు నెలలు పట్టవచ్చు.

అంత శ్రమ ఎందుకంటారా? ఆ పుర్రెలు ఏమి చెప్పాయో వినండి. పారాసూకస్ ముట్టె అచ్చం మొసలి ముట్టెలాగా పొడుగ్గా ఉంది. మంథని దగ్గర గోదావరిలో శివ్వారం మొసళ్ల అభయారణ్యం ఉంది గదా, అక్కడి మొసలికి ఇది తాత అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కాని శుభ్రంచేసిన పుర్రె చూస్తే తేడా బయటపడింది. మొసలికి ముక్కురంధ్రాలు ముట్టె కొసన ఉంటాయి. పారాసూకస్‌కు కళ్లదగ్గర, నడినెత్తిన ఉన్నాయి! కనుక ఇది మొసలి తాత కాదు. ఒకేరకంగా నీటిలో పొంచి బ్రతకడంవల్ల ఒకేరకం ఆకారం వచ్చింది, అంతే. మట్టి గీకేవాడు తొందరపడి ఆ రంధ్రాల అంచులు చెరిపివేసి ఉంటే ఈ సంగతి మనకు తెలిసేదికాదు.

ఇంకొక జంతువు హైపరోడాపెడాన్. దాని పుర్రెకు చిలకముక్కువంటి ముక్కు, పైదవడలో వరుసలు వరుసలుగా పళ్లు, వాటినడుమ ఒక గాడి. కిందిదవడ ఆ గాడిలోకి కత్తిపీటలాగా దిగుతుంది. పళ్లనుబట్టి ఇది ఆకు, దుంప తినే జంతువై ఉంటుందని అంటారు. మలేరిలోనే రెండు పారాసూకస్‌లు ఎముకలగూళ్లతో సహా దొరికాయి. వాటి పొట్టలున్నచోట చిన్న సరీసృపాల ఎముకలు కనబడ్డాయి. అది 22 కోట్ల ఏండ్లనాటి భోజనం! ఆ చిన్న జంతువుకు మలేరిసారస్ అని మన ఊరిపేరే పెట్టారు.

ఇంకా తూర్పుకు, గోదావరీ ప్రాణహితలు కలిసే వైపు పోతే కోటా పొరలు. ఇవి మలేరి పొరలకంటె చిన్నవి. ఇక్కడే మహా బల్లులు! భూపాలపల్లికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన యామన్‌పల్లి దగ్గర 1970ల చివర జియలాజికల్ సర్వేవారు దాదాపు 840 ఎముకలు తీశారు. అవి కనీసం 12 జంతువులవి. యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టాడు. దాని పొడుగు సుమారు 9 మీటర్లు. నదికి అవతల, మహారాష్ట్రలోని సిరోంచ ప్రాంతంలో పోచంపల్లి అనే ఊరి దగ్గర మరొక పెద్ద జంతువు, బారాపాసారస్ టాగోరి దొరికింది. ఇది చీరల పోచంపల్లి కాదు సుమా! బారాపా అంటే బెంగాలీలో పెద్దకాలు. 1961 రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరం, అందుకని టాగోరి. దీని ఎముకలు సుమారు 300 దొరికాయి.

ఇన్ని ఎముకలు దొరికాయి; కాని చిత్రం చూశారా, రెండింటికీ తలలు దొరకలేదు! కొన్ని పళ్లు మాత్రం దొరికాయి. అంత పెద్ద జంతువు తల ఏమైంది? అటువంటి బల్లులకు ఒళ్లు కొండంత, తల చిన్నది. పుర్రె ఎముకలు పలచన, పొడుగుమెడకు గట్టిగా అతుక్కుని ఉండవు. జంతువు చావగానే మొదట ఊడేది తలే. వరద వస్తే ముందు కొట్టుకుపోయేదికూడా అదే.

కోటాసారస్ ఎముకలగూడు ఇప్పుడు హైదరాబాదులో నౌబత్ పహాడ్‌మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. బారాపాసారస్ కలకత్తాలో ఉంది. తల దొరకని జంతువును నిలబెట్టాలంటే ఏమి చెయ్యాలి? దాని బంధుజంతువుల తలలు చూసి, కొలతలు వేసి, ఊహించి చెయ్యవలసిందే. అందులో తప్పులేదు. కాని ఊహించి చేసినదాన్ని దొరికినదని చెప్పకూడదు. చూసేవాడికి ఏది రాయి అయిన నిజమైన ఎముకో, ఏది మనం పోసిన ప్లాస్టరో తెలియాలి. మీ బడిలోని ఎద్దుపుర్రెకు కొమ్ముకొస విరిగి ఉంటే, మట్టితో కొస చేసి రంగువేసి మురిసిపోకండి. ఆ విరగడంలో ఒక కథ ఉండవచ్చు. తప్పనిసరిగా పూడ్చవలసివస్తే రంగు కొంచెం తేడాగా ఉంచండి. చీటీమీద "ఈ ముక్క మేము చేసినది" అని రాయండి.

ఆ చీటీలో మరి నాలుగు సంగతులు కూడా రాయాలి: ఏ జంతువు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు శుభ్రంచేశారు. ఈ చీటీలేని పుర్రె ఎంత తెల్లగా మెరిసినా వట్టి అలంకారమే. చీటీ ఉన్నది మాత్రం, రంగుపోయినా, పన్ను ఊడినా, ఒక పాఠం.

చివరగా ఒక మాట. మలేరి, యామన్‌పల్లి వైపు ఉండే పిల్లలారా! మీ పొలాల గట్లమీద, వాగు ఒడ్డున, వానలు వెలిసిన తరవాత కొత్త రాళ్లు బయటపడతాయి. ఎముక ఆకారంలో, ఎముకలాగా సన్నని రంధ్రాలతో ఉండే రాయి కనబడితే పీకకండి, కడగకండి. ఉన్నచోటనే ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని మీ మాస్టరుగారికి చెప్పండి. ఆయన జియలాజికల్ సర్వేవారికి రాస్తారు. రాయి ఉన్న చోటు తెలియకపోతే దాని కథలో సగం పోయినట్టే. కోటాసారస్ తల ఇంకా ఎవరికీ దొరకలేదన్నది మరిచిపోకండి.